సత్యం ఖాతాల ఆడిట్: ఈ సర్వీసుకు నేనిచ్చే మార్కులు

హోటల్‌కు రివ్యూ రాస్తాం, ఏసీ మెకానిక్‌కు రాస్తాం, పెళ్లి ఫొటోగ్రాఫర్‌కు రాస్తాం. కంపెనీ లెక్కలు నిజమో కాదో బయటి మనిషి సరిచూసే ఆడిట్‌కు మాత్రం ఎవరూ రాయరు. అది కూడా డబ్బిచ్చి చేయించుకునే సర్వీసే. కాకపోతే ఇక్కడ ఒక చిక్కుంది. ఫీజు కట్టేది కంపెనీ. ఆ సర్వీసును నమ్ముకుని నష్టపోయేదో బాగుపడేదో మాత్రం బయటివాళ్లు. షేరు కొన్న రిటైర్డ్ మాస్టారు, అప్పిచ్చిన బ్యాంకు, ఆ కంపెనీ జీతం చూసుకుని ఇంటి లోను తీసుకున్న కుర్రాడు. రివ్యూ రాయాల్సింది వాళ్లు. వాళ్లకేమో ఆడిటర్ అసలు ఏం చేస్తాడో తెలియదు.

నాకు తెలుసు. గుంటూరు అరండల్‌పేటలో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో పాతికేళ్ల పైబడి పనిచేస్తున్నాను. సీఏ చదవలేదు, బీకాం మాత్రమే. మా దగ్గరికి ఆర్టికల్స్‌కు, అంటే సీఏ శిక్షణకు, వచ్చే పిల్లలకు పని నేర్పేది ఎక్కువగా నేనే. కొత్త పిల్లలు చేరగానే మొదటి వారంలో వాళ్ల ముందు పెట్టే కేసు ఒకటుంది. సత్యం కంప్యూటర్ సర్వీసెస్. 2000 నుంచి 2008 దాకా దాని లెక్కలకు ప్రైస్ వాటర్‌హౌస్ అనే ఆడిట్ సంస్థ ఇచ్చిన సర్వీసు మీద ఈ రివ్యూ.

ముందు ఈ సాఫ్ట్‌వేర్ కంపెనీ గురించి, దాన్ని పెట్టిన మనిషి గురించి రెండు ముక్కలు. బైర్రాజు రామలింగరాజు పశ్చిమ గోదావరి మనిషి. బీకాం చదివింది మన విజయవాడ ఆంధ్ర లొయోలా కాలేజీలో. అమెరికాలో ఎంబీఏ చేసి వచ్చి, 1987లో సికింద్రాబాద్‌లో పట్టుమని ఇరవై మంది కూడా లేకుండా సత్యం మొదలుపెట్టారు. 2001లో అది న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజీ దాకా వెళ్లింది. 2008 నాటికి యాభై వేల మందికి పైగా ఉద్యోగులమని చెప్పుకుంది. ఆ రోజుల్లో గుంటూరు, విజయవాడ ఇళ్లలో ఆ పేరుకున్న బరువు ఇప్పటి పిల్లలకు చెప్పినా అర్థం కాదు. క్యాంపస్ సెలక్షన్‌లో సత్యం ఆఫర్ లెటర్ వస్తే ఆ వారమే సంబంధాలు వచ్చేవి. బ్రాడీపేటలో మా వీధిలో ఒకాయన కొడుకు ఆఫర్ లెటర్‌ను లామినేషన్ చేయించారు. మనవాడు, మన భాషవాడు, బెంగళూరు సాఫ్ట్‌వేర్ కంపెనీల వాళ్లతో సమానంగా నిలబడ్డాడన్న గర్వం అది. ఆ గర్వాన్ని నేను తప్పు పట్టను. గర్వపడ్డ వాళ్లెవరూ లెక్కలు రాయలేదు, సంతకాలూ పెట్టలేదు.

2009 జనవరి 7న రామలింగరాజు బోర్డుకు రాసిన ఉత్తరం బయటికొచ్చింది. ఆడిట్ ఆఫీసులో పనిచేసే వాళ్లు ఆ ఉత్తరంలో మొదట చూసేది అంకెలే. 2008 సెప్టెంబరు 30 నాటికి పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్లు. అందులో 5,040 కోట్లు లేనే లేవు. రాని వడ్డీ వచ్చినట్టు రాసింది 376 కోట్లు. చూపించకుండా దాచిన అప్పు 1,230 కోట్లు. రావాల్సిన బాకీలు ఎక్కువ చేసి చూపింది 490 కోట్లు. అన్నీ కలిపితే 7,136 కోట్లు. పులి మీద సవారీ చేస్తున్నట్టయింది, అది తినేయకుండా ఎలా దిగాలో తెలియలేదు అని కూడా రాశారు. పేపర్లన్నీ ఆ పులినే పట్టుకున్నాయి. నేను పిల్లలకు చూపించేది మాత్రం మొదటి అంకెనే. ఐదు వేల కోట్ల పైన బ్యాంకు నిల్వ లేదు. రావాల్సిన బాకీలో తేడా వస్తే అర్థం చేసుకోవచ్చు. స్టాకు విలువ కట్టడంలో తేడా వచ్చినా వాదించుకోవచ్చు. బ్యాంకు నిల్వ అలాంటిది కాదు. ఒక తేదీన ఒక ఖాతాలో ఎంత ఉందన్నదానికి ప్రపంచంలో ఒక్కటే జవాబు ఉంటుంది, ఆ జవాబు బ్యాంకు దగ్గర ఉంటుంది.

ఈ జవాబు తెప్పించుకోవడానికి మా ఆఫీసులో చేసే పని ఇది. క్లయింటు తన లెటర్‌హెడ్ మీద బ్యాంకు మేనేజరుకు ఉత్తరం రాసి సంతకం పెడతాడు. ‘మార్చి 31 నాటికి మా పేరున ఉన్న ఖాతాలు, డిపాజిట్లు, అప్పులు, తనఖాల వివరాలు నేరుగా మా ఆడిటర్‌కు తెలపండి’ అని. సంతకం అయ్యాక ఆ ఉత్తరం క్లయింటు చేతికి మళ్లీ ఇవ్వం. మా ఆఫీసు మనిషి తీసుకెళ్లి బ్రాంచిలో ఇస్తాడు, లేదంటే మేమే పోస్టు చేస్తాం. జవాబు మా ఆఫీసు చిరునామాకే రావాలి. ఇప్పుడు మెయిల్‌లో వస్తోంది. అయినా బ్యాంకు సొంత మెయిల్ ఐడీ నుంచి వచ్చిందా లేదా అని అక్షరం అక్షరం చూస్తాం. క్లయింటు కుర్రాడు, ‘మేడమ్, నేను ఎలాగూ బ్యాంకుకు వెళ్తున్నాను, తెచ్చేస్తాలెండి’ అంటాడు. మంచితనంగానే అంటాడు. వద్దంటాం.

కిందటేడు చేరిన అబ్బాయి అడిగాడు. ‘అక్కా, స్టేట్‌మెంటు క్లయింటు ఇచ్చాడుగా, మళ్లీ బ్యాంకును అడగడం ఎందుకు?’

‘ఇచ్చింది క్లయింటు కాబట్టే’ అన్నాను.

అంతకంటే పెద్ద సిద్ధాంతం ఏమీ లేదు ఇందులో. దీన్ని మేము కనిపెట్టలేదు కూడా. బయటివాళ్ల నుంచి నేరుగా ధ్రువీకరణ తెప్పించుకోవాలన్నది ఆడిట్ ప్రమాణాల్లోనే ఉంది. 2009 తర్వాత వచ్చిన నియమం కాదు, సత్యం ఆడిట్ జరుగుతున్న రోజుల్లోనూ ఉంది.

సత్యంలో జరిగిందేమిటి? అమెరికా స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీ 2011 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశంలో స్పష్టంగా ఉంది. బ్యాంకు కన్ఫర్మేషన్లు పంపడం, తీసుకోవడం మీద ఉండాల్సిన పట్టును ఆడిటర్లు కంపెనీ యాజమాన్యం చేతికి వదిలేశారు. ఒక సంవత్సరం కాదు, ఏళ్ల తరబడి. కంపెనీ తెచ్చిచ్చిన కాగితం మీదే లెక్క సరిపోయిందనిపించారు. ఆ కాగితాలు దొంగవి. చేసింది గల్లీ ఆఫీసు కాదు, ప్రపంచంలో నాలుగు పెద్ద ఆడిట్ నెట్‌వర్కుల్లో ఒకదానికి చెందిన సంస్థ. వాళ్ల దగ్గర మనుషులకు కొదవ లేదు, డబ్బుకు కొదవ లేదు, చదువుకు అసలే లేదు. ఉత్తరాన్ని తామే పోస్టు చేసే ఓపిక లేకపోయింది.

దీని గురించి నాకు ఇంత పట్టుదల ఎందుకో చెప్పాలంటే మిర్చి కోల్డ్ స్టోరేజీ గురించి చెప్పాలి. మా క్లయింట్లలో సగం మంది మిర్చి వ్యాపారులు. సరుకు కోల్డ్ స్టోరేజీలో పెట్టి, స్టోరేజీ వాళ్లిచ్చే బాండ్ల మీద బ్యాంకులో అప్పు తెచ్చుకుంటారు. మార్చి నెలాఖరున స్టాకు సరిచూడటానికి వెళ్లాలి. బయట గుంటూరు ఎండ, లోపల వణికించే చలి. స్వెట్టరు వేసుకుని, ముక్కుకు గుడ్డ కట్టుకుని వెళ్తాం. అయినా ఘాటుకు తుమ్ములు ఆగవు. టార్చి వేసుకుని అంతస్తు అంతస్తూ ఎక్కాలి. టిక్కీల మీద, అంటే మిర్చి బస్తాల మీద, లాట్ నంబరు, పార్టీ పేరు రాసి ఉంటాయి. రిజిస్టరులో తేజ రకం అని ఉంటే ఆ లాటులో ఒక టిక్కీ విప్పించి చూస్తాం.

అన్నిటికంటే ముఖ్యం, ముందు వరస చూసి వెనక్కి తిరగకూడదు. ముందు వరస ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. వెనక వరసలో ఖాళీ ఉందా, పక్క పార్టీ సరుకే ఈ పార్టీ పేరున రెండోసారి చూపిస్తున్నారా అన్నది వెనక్కి వెళ్తేనే తెలుస్తుంది. ఒకసారి ఒక చోట హమాలీ పెద్దాయన నాతో, ‘అమ్మా, అటు పోకండి, కాలు జారుద్ది’ అన్నాడు. సూపర్‌వైజర్ ఆయన వైపు చూసిన చూపు నాకు నచ్చలేదు. వెళ్లాను. అక్కడ నిజంగానే నీళ్లు కారి జారుడుగా ఉంది. సరుకు కూడా సరిగ్గానే ఉంది. ఆ పెద్దాయన మంచికే చెప్పాడు. అయినా వెళ్లడమే నా పని, దానికే మా సారుకు ఫీజు ఇస్తున్నారు. సత్యం ఆడిట్‌లో వెనక వరసకు ఎవరూ వెళ్లలేదు. బ్యాంకు నిల్వ విషయంలో అయితే వెళ్లడానికి మెట్లు కూడా ఎక్కక్కర్లేదు.

పోనీ బ్యాంకు ఉత్తరం సంగతి పక్కన పెడదాం. ఇంకా ఎన్ని దారులున్నాయో చూడండి. ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంటే వడ్డీ వస్తుంది. వడ్డీ ఒక పరిమితి దాటితే బ్యాంకు టీడీఎస్ కోస్తుంది, అంటే పన్ను ముందే పట్టుకుంటుంది. కోసినందుకు సర్టిఫికెట్ ఇస్తుంది. ఇది కంపెనీ తయారు చేసుకునే కాగితం కాదు, ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ల దగ్గర కూడా లెక్క ఉంటుంది. మా దగ్గర కిరాణా షాపాయన భార్య పేరున పది లక్షల డిపాజిట్ ఉంటే, దాని వడ్డీ, దాని టీడీఎస్ పైసలతో సహా కలిపి చూస్తాం. కలవకపోతే రిటర్ను వేయం. సత్యంలో వందల కోట్ల వడ్డీ వచ్చినట్టు రాసుకున్నారు. ఆ వడ్డీ ఏ బ్యాంకు ఇచ్చింది, దాని మీద పన్ను ఎంత కోశారు అని వరసగా అడుగుతూ పోతే ఎక్కడో ఒకచోట లెక్క తెగిపోతుంది. తెగిందీ అంటే డిపాజిట్ లేదనే.

ఇంకొకటి. మామూలు ఇంట్లో కూడా వచ్చే అనుమానం ఇది. బ్యాంకులో ఐదు వేల కోట్లు పెట్టుకున్న కంపెనీకి అప్పు ఎందుకు? రోజువారీ ఖర్చులకు ఇబ్బంది ఎందుకు? ఉత్తరంలో ఒప్పుకున్న ఆ 1,230 కోట్లు కంపెనీని నడపడానికి తెచ్చినవేనని రామలింగరాజే రాశారు. జీతాలివ్వడానికి అప్పు తెస్తూ, పుస్తకాల్లో నిండుగా నగదు చూపించారు.

ఆదాయం పెంచడానికి దొంగ ఇన్‌వాయిస్‌లు సృష్టించారు. సీబీఐ లెక్క ప్రకారం అవి 7,561. కంపెనీ సొంత ఇన్‌వాయిస్ సాఫ్ట్‌వేర్‌లోనే ‘సూపర్ యూజర్’ అనే ప్రత్యేక లాగిన్‌తో వాటిని ఎక్కించారు. ఆ ప్రాజెక్టులు చూసే మేనేజర్లకు అవి కనపడకుండా దాచారు. అంటే పని చేసినవాడికి తెలియని బిల్లు, కట్టాల్సిన కస్టమరుకు చేరని బిల్లు, అకౌంట్లలో మాత్రం అమ్మకంగా ఉంది. కంప్యూటర్ కంపెనీ కాబట్టి ఈ పని ఇంత శుభ్రంగా చేయగలిగింది. దానికి విరుగుడు కూడా అంత కష్టం కాదు. నాలుగు పెద్ద బిల్లులు ఎంచుకుని, ఆ కస్టమరుకే రాసి, ‘ఇంత బాకీ ఉన్నారా?’ అని అడిగితే చాలు.

ఉత్తరంలో నన్ను ఇప్పటికీ బాధపెట్టేది ఒక్క త్రైమాసికం లెక్క. 2008 జూలై నుంచి సెప్టెంబరు దాకా ఆదాయం 2,700 కోట్లు, ఆపరేటింగ్ మార్జిన్, అంటే నడిపే ఖర్చులు పోను మిగిలింది, 649 కోట్లు అని ప్రకటించారు. అంటే 24 శాతం. నిజం ఏమిటంటే ఆదాయం 2,112 కోట్లు, మార్జిన్ 61 కోట్లు. 3 శాతం. నిజంగా రెండు వేల కోట్ల పైన పని చేశారు మూడు నెలల్లో! రాత్రుళ్లు కూర్చుని అమెరికా కాల్స్ మాట్లాడి, పండగలకు ఊళ్లు మానేసి, ఆ పిల్లలు నిజంగా సంపాదించిన డబ్బు అది. ఆ నిజాన్ని నిజంగా చెప్పినా ఆ కంపెనీ బతికేది. చిన్నదిగా కనపడేది, అంతే.

ఇక రాజకీయాల సంగతి. ఆడిట్‌కూ దీనికీ సంబంధం ఏమిటంటారా? చాలా ఉంది. 2008 డిసెంబరు 16న సత్యం బోర్డు, రాజు కుటుంబానికి చెందిన మేటాస్ ప్రాపర్టీస్, మేటాస్ ఇన్‌ఫ్రాలను 160 కోట్ల డాలర్లకు కొంటామని నిర్ణయించింది. సాఫ్ట్‌వేర్ కంపెనీ, యజమాని కొడుకుల స్థలాల కంపెనీని, కాంట్రాక్టుల కంపెనీని కొంటుందట. షేర్‌హోల్డర్లు ఒక్కసారిగా తిరగబడ్డారు. అమెరికా మార్కెట్లో సత్యం ధర సగానికి పైగా పడింది. కొన్ని గంటల్లోనే కొనుగోలు రద్దు చేసుకున్నారు. లేని నగదు స్థానంలో నిజమైన ఆస్తి తెచ్చి పెట్టడానికి అదే చివరి ప్రయత్నమని ఉత్తరంలో రాజే చెప్పారు.

ఆ మేటాస్ ఇన్‌ఫ్రా అప్పటికి సర్కారు పనుల్లో పెద్ద పేరు. హైదరాబాద్ మెట్రో కాంట్రాక్టు 2008లో దాని కన్సార్టియానికే, అంటే అది ఉన్న కంపెనీల కూటమికే, వచ్చింది. మిగతావాళ్లు ప్రభుత్వమే తమకు డబ్బివ్వాలని అడిగితే, వీళ్లు ఎదురు 30,311 కోట్లు ప్రభుత్వానికి ఇస్తామన్నారు. అప్పట్లో ఢిల్లీ మెట్రో అధిపతి శ్రీధరన్ గారు ప్లానింగ్ కమిషన్‌కు లేఖ రాసి, మెట్రో పేరుతో విలువైన స్థలాలు చేతులు మారతాయని, ఇది ముందుముందు పెద్ద రాజకీయ కుంభకోణం అవుతుందని హెచ్చరించారు. అప్పటి రాష్ట్ర ప్రభుత్వం ఆయన మాట వినడం అటుంచి, పరువు నష్టం దావా వేస్తామని బెదిరించింది. చివరికి ఆ కన్సార్టియం డబ్బు సమకూర్చుకోలేకపోయింది. 2009 జూలైలో కాంట్రాక్టు రద్దయింది. తర్వాత అది ఎల్ అండ్ టీకి వెళ్లింది. 2008 డిసెంబరులోనే ఇంకో దెబ్బ. ప్రపంచ బ్యాంకు సిబ్బందికి అక్రమ ప్రయోజనాలు కల్పించిందని ఆ బ్యాంకు సత్యంను 8 ఏళ్ల పాటు తన కాంట్రాక్టులకు దూరం పెట్టినట్టు బయటపడింది.

ఇవన్నీ పేపర్లో వచ్చినవే. ఆడిటర్ రహస్యంగా తెలుసుకోవాల్సిన పని లేదు. ఒక కుటుంబం, దాని చేతిలో జనం డబ్బు పెట్టిన కంపెనీ, అదే కుటుంబం చేతిలో భూముల కంపెనీ, సర్కారు కాంట్రాక్టుల కంపెనీ. ఇలాంటి చోట ఆడిటర్ రెండింతలు జాగ్రత్తగా ఉండాలి. జరిగింది వేరు. ముఖ్యమంత్రులు మారినా, పార్టీలు మారినా, ప్రభుత్వ వేదికల మీద రాజు గారి కుర్చీ మారలేదు. పెద్దవాళ్ల పక్కన కూర్చున్న మనిషిని ఎవరడుగుతారు? బోర్డులో మాత్రం తక్కువ వాళ్లున్నారా? కేబినెట్ సెక్రటరీగా చేసిన టి.ఆర్. ప్రసాద్, హైదరాబాద్ బిజినెస్ స్కూలు ఐఎస్‌బీ డీన్ రామ్మోహనరావు, హార్వర్డ్ ప్రొఫెసర్ కృష్ణ పాలెపు. ఉత్తరానికి కొన్ని నెలల ముందే, 2008లోనే, కార్పొరేట్ గవర్నెన్స్‌కు, అంటే కంపెనీని పద్ధతిగా నడిపే తీరుకు, గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా ఇచ్చారు. తర్వాత వెనక్కి తీసుకున్నారనుకోండి. ఒకరి పేరు చూసి ఇంకొకరు, వాళ్ల సంతకం చూసి మరొకరు నమ్ముకుంటూ పోయారు. ఆ నమ్మకాలన్నిటి అడుగున ఉన్నది ఆడిట్ రిపోర్టు. దాని అడుగున ఉన్నది కంపెనీ తెచ్చిచ్చిన బ్యాంకు కాగితం.

ఈ కేసు మాట్లాడినప్పుడల్లా మా క్లయింటు ఒకాయన నాతో గొడవ పెట్టుకుంటారు. మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేస్తారు, పెద్దమనిషి. ‘ఏమ్మా, ఆ మహానుభావుడు 108 పెట్టకపోతే మా తమ్ముడు బతికేవాడా? అది రాయవేం నువ్వు?’ అంటారు. రాస్తాను బాబాయ్. 2005 ఆగస్టులో ఈఎంఆర్ఐ పేరుతో 108 అంబులెన్సును మొదలుపెట్టింది రాజు గారే. అంతకుముందు యాక్సిడెంట్ అయితే ఆటోలో వేసుకుని పోయేవాళ్లం. ఒక్క ఫోన్‌కు ఆక్సిజన్‌తో బండి రావడం అన్నది ఆయన తెచ్చిందే. కుంభకోణం తర్వాత ఆ సంస్థను జీవీకే వాళ్లు తీసుకున్నారు కాబట్టి సర్వీసు ఆగలేదు. దానికి నేను నూటికి నూరు ఇస్తాను. కానీ ఆ మార్కులు తీసుకొచ్చి బ్యాలెన్స్ షీట్‌లో కలపనివ్వను. ఆయన మంచి పని చేశారన్నది నిజం, లేని ఐదు వేల కోట్లు ఉన్నాయని సంతకం పెట్టారన్నదీ నిజం. ఈ మాట మీద బాబాయ్‌కీ నాకూ ఇప్పటికీ కుదరలేదు.

ఆఫ్టర్ సేల్స్ సర్వీసు ఎలా ఉందో, అంటే బయటపడ్డాక ఏం జరిగిందో కూడా చెప్పాలి. ఉత్తరం వచ్చిన రోజునే షేరు దాదాపు 78 శాతం పడిపోయింది. రెండు రోజులకు రాజు సోదరులను అరెస్టు చేశారు. కేంద్ర ప్రభుత్వం పాత బోర్డును తీసేసి కిరణ్ కార్నిక్, దీపక్ పరేఖ్ లాంటి వాళ్లను పెట్టింది. ఈ ఒక్క విషయంలో సర్కారును మెచ్చుకోవాలి, చాలా వేగంగా కదిలింది. మూడు నెలల్లో, ఏప్రిల్ 13న, షేరుకు 58 రూపాయల చొప్పున ఇస్తామని టెక్ మహీంద్రా వేలంలో గెలిచింది. వేల ఉద్యోగాలు నిలబడ్డాయి. పాత లెక్కలు తిరగరాసి బయటపెట్టడానికి 2010 సెప్టెంబరు దాకా పట్టింది. తిరగరాస్తే 2008-09 ఏడాదికి తేలింది 8 వేల కోట్లకు పైగా నష్టం. 2013లో కంపెనీ టెక్ మహీంద్రాలో కలిసిపోయి, సత్యం అన్న పేరే లేకుండా పోయింది.

2015 ఏప్రిల్ 9న హైదరాబాద్ ప్రత్యేక కోర్టు రామలింగరాజుతో సహా పదిమందికి 7 ఏళ్ల జైలు వేసింది. ఆ పదిమందిలో ఆడిట్ సంస్థ భాగస్వాములు ఇద్దరున్నారు. నెల తిరగ్గానే పై కోర్టు శిక్షను నిలిపి బెయిల్ ఇచ్చింది. ఆడిట్ సంస్థ విషయానికొస్తే, 2018 జనవరిలో మన స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ రెండేళ్ల పాటు లిస్టెడ్ కంపెనీల ఆడిట్ చేయకూడదని నిషేధించింది. 2019లో అప్పిలేట్ ట్రైబ్యునల్ ఆ నిషేధాన్ని కొట్టేసింది. తీసుకున్న ఫీజు సుమారు 13 కోట్లు వడ్డీతో తిరిగి కట్టాలన్న భాగాన్ని మాత్రం నిలిపింది. ఏ సర్వీసు చెడినా ముందు ఫీజు వాపసు అడుగుతాం. ఇక్కడ ఆ మాట రావడానికే తొమ్మిదేళ్లు పట్టింది. అది కూడా నష్టపోయిన చిన్న మదుపరి ఇంటికి వచ్చే డబ్బు కాదు.

నా మార్కులు ఇవి. రిపోర్టు రాసిన తీరుకు, ఇంగ్లీషుకు, పేజీల అందానికి మార్కులు వేయాలంటే నిండుగా వేయొచ్చు. నేను వేయను. ఆడిట్ అంటే అవతలివాడి మాట ఎంతవరకు నిజమో బయట కనుక్కుని చెప్పడం. ఆ పని జరగలేదు కాబట్టి ఐదుకు సున్నా. కింది స్థాయిలో పనిచేసిన ఆర్టికల్స్ పిల్లల్లో ఎవరైనా ‘బ్యాంకును నేరుగా అడుగుదామా సార్’ అని అడిగి ఉంటే, ఆ పిల్లకో పిల్లాడికో నా ఐదు మార్కులూ ఇచ్చేస్తాను.

తర్వాత కొన్ని మార్పులు వచ్చాయి. ప్రమోటర్లు, అంటే కంపెనీ పెట్టి నడిపించేవాళ్లు, తాకట్టు పెట్టిన షేర్ల వివరాలు బయటపెట్టాలని 2009 జనవరిలోనే సెబీ నియమం తెచ్చింది. 2013 కంపెనీల చట్టంతో, లిస్టెడ్ కంపెనీ ఒకే ఆడిట్ సంస్థను పదేళ్లకు మించి ఉంచుకోకూడదు. ఆడిటర్ల మీద నిఘాకు 2018లో ఎన్ఎఫ్ఆర్ఏ వచ్చింది. నాకు బాగా పనికొచ్చింది మాత్రం యూడీఐఎన్. 2019 నుంచి సీఏ సంతకం పెట్టే ప్రతి రిపోర్టుకు, ప్రతి సర్టిఫికెట్‌కు అంకెలు, ఇంగ్లీషు అక్షరాలు కలిసి 18 ఉండే నంబరు ఉండాలి.

కాబట్టి మీ దగ్గరికి ఎవరైనా ఆడిట్ అయిన లెక్కలు తెచ్చి పెట్టుబడి పెట్టమన్నా, భాగస్వామ్యంలో చేరమన్నా, అపార్ట్‌మెంటు అసోసియేషన్ లెక్కలు చదివి వినిపించినా, ముందు చివరి పేజీ తిప్పండి. సీఏ సంతకం కింద యూడీఐఎన్ ఉందా చూడండి. సీఏల ఇన్‌స్టిట్యూట్ ఐసీఏఐ వెబ్‌సైట్లో యూడీఐఎన్ పేజీ తెరిచి ఆ నంబరు కొడితే అది అసలుదో కాదో తెలుస్తుంది. డబ్బులేమీ కట్టక్కర్లేదు, ఫోన్లోనే అవుతుంది. అయితే సంతకం అసలుదైనంత మాత్రాన లెక్క అసలుది అయిపోదు. సత్యం రిపోర్టు మీద సంతకాలు అసలైనవే. అందుకని రెండో ప్రశ్న కూడా అడగండి. ‘ఈ బ్యాంకు నిల్వ మీకు ఎవరు చెప్పారు?’ బ్యాంకు నుంచి నేరుగా వచ్చిందంటే ఆ కాగితం చూపించమనండి. మొహమాటపడకండి. మా ఆఫీసుకు వచ్చి అడిగినా, క్లయింటు సరేనంటే మేము ఫైలు తీసి చూపిస్తాం.